శుభాకాంక్షల ఫోల్డర్

ఆదివారం ఉదయం చేపల మార్కెట్లో, అమ్మే ఆవిడ బొచ్చె చేపను చేతిలోకి తీసుకుని, నేను అడగకముందే బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించింది. లోపల తడిగా, ఎర్రగా ఉంది, తాజా చేపే. ఆ ఎరుపూ ఆ నీచువాసనా నన్ను ఏలూరు రోడ్డులోని మా ఆఫీసుకి, నాగరత్నం గారి కుర్చీ పక్కకి తీసుకెళ్లాయి. అక్కడ మేము చేపలు అమ్మేవాళ్లం కాదు. చేపల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు అమ్మేవాళ్లం. అవి ఆగిపోతే రైతులు పెట్టే మెయిళ్లు చూసుకునే హెల్ప్ డెస్కుకి ఆవిడ పెద్ద.

నాగరత్నం గారిది బందరు దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. వాళ్లమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి ఆవిణ్ణి డిగ్రీ చదివించింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి, వచ్చిన ప్రతి మెయిలూ ఆవిడే తెరిచి, చివరిదాకా చదివి, ఇది మెకానిక్కుకి, ఇది స్పేర్ పార్టులకి, ఇది బిల్లుల వాళ్లకి అని పంచేవారు. మన వైపు రైతు అసలు విషయం మొదటి లైనులో చెప్పడు. ముందు నమస్కారం, తర్వాత క్షేమసమాచారం, పోయినసారి వచ్చిన మెకానిక్ ఎంత మంచివాడో, ఆ పిమ్మట, వెళ్లొస్తానని లేచి గుమ్మం దగ్గర ఆగి చెప్పినట్టు, మోటారు కాలిపోయిందని. ఆవిడ ఓపిక నాకు చాదస్తంగా కనిపించేది. ఆవిడ ఒక్క రోజు సెలవు పెడితే మెయిళ్లన్నీ ఎక్కడివక్కడే పడి ఉండేవి మరి.

చివరికి ఆ పంచే పని కంప్యూటరుకి అప్పగించమని పైవాళ్లు నాకు చెప్పారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, నాకు తెలియనిది లేదనుకునే వయసు. సబ్జెక్టులో ‘మోటారు’ అని ఉంటే మెకానిక్కుకి, ‘బిల్లు’ అని ఉంటే అకౌంట్సుకి, ఇలా రూల్స్ రాశాను. పాత మెయిళ్ల మీద నడిపి చూస్తే అన్నీ చేరాల్సిన చోటికే చేరాయి. ఆవిడకి చూపించాను.

“సబ్జెక్టు ఒక్కటే చూస్తుందా అమ్మాయ్?”

“అది చాలండీ.”

“మొప్ప ఎత్తకుండా చేప కొన్నట్టుంది,” అని నవ్వి ఊరుకున్నారు. తన పెత్తనం పోతోందని బాధ కాబోలు అనుకున్నాను.

ఆ ఏడే కంపెనీ మొదటిసారి రైతులందరికీ ఉగాది శుభాకాంక్షలు మెయిల్లో పంపింది. మనవాళ్ల మర్యాద తెలిసిందేగా, ‘మీకూ మీ కుటుంబానికీ శుభాకాంక్షలండీ’ అంటూ జవాబులు వచ్చిపడ్డాయి. నేను ఇంకో రూల్ పెట్టాను. సబ్జెక్టులో ‘శుభాకాంక్షలు’ అని ఉంటే విడిగా ఒక ఫోల్డర్లో వేసి, పని అయిపోయినట్టు మూసేయడం. మేనేజరు గారు మెచ్చుకున్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక సోమవారం ఉదయం నాగరత్నం గారు పిలిచారు. ఎవరూ చూడని ఆ ఫోల్డర్ ఆవిడ తెర మీద తెరిచి ఉంది. చల్లపల్లి వైపు రైతు సాంబశివరావు గారు శనివారం మధ్యాహ్నం రాసిన మెయిలు, మా ఉగాది మెయిలుకి జవాబుగా. ఆఫీసుకి ఫోన్ చేస్తే మెయిలు పెట్టమన్నారట. రెండు లైన్ల కుశలం తర్వాత, నాలుగు ఏరేటర్లలో మూడు ఆగిపోయాయి, మబ్బు పట్టి నీటిలో గాలి చాలడం లేదు, దయచేసి మనిషిని పంపండి అని ఉంది. ఆవిడ వెంటనే మెకానిక్కుని బయల్దేరదీసి, “బ్యాగు తీసుకో, మనమూ వెళ్దాం” అన్నారు.

మేం వెళ్లేసరికి చేపలు తెల్లటి పొట్టలతో గట్టు వెంబడి తేలి ఉన్నాయి. సాంబశివరావు గారు అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

“మీ ఆఫీసు నుంచి నాకొచ్చిన మెయిలు అదొక్కటేనండీ. దానికే జవాబిచ్చాను. అలా పంపకూడదా?” అని అడిగారు.

“తప్పు మాదండీ,” అన్నారు నాగరత్నం గారు. “శనివారమే నేను చూడాల్సింది. చూడలేదు.”

నా పేరు ఎత్తలేదు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిరిగొచ్చే బస్సులో, రూల్స్ అన్నీ తీసేస్తానన్నాను.

“ఎందుకూ? మా అమ్మా చేపలు వేరు చేసేది. చేశాక గంపలో మళ్లీ ఓసారి చెయ్యి పెట్టి చూసుకునేది. నువ్వా రెండోది మానేశావంతే.”

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆ ఫోల్డర్ నాతో చదివించారు. రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఏటా ఉగాదికి, కంపెనీ పంపిన ఆ పాత ఉగాది మెయిలుకే జవాబుగా, ఆ ఫోల్డర్లోనే పడేలా ఒకటి పంపేవారు. పైన పండగ మాటలు, అడుగున ‘ఏరేటరు ఆగింది. చదివావా అమ్మాయ్?’ అని. వెంటనే జవాబిస్తే ‘పర్లేదు, ఉద్యోగం నిలబెట్టుకున్నావు’ అనేవారు. పోయినేడు వానాకాలంలో ఆవిడ పోయారు.

ఇప్పుడు ఆ డెస్కుకి నేనే పెద్దని. ఈ ఉగాది నాడు సెలవైనా పొద్దున్నే ఆ ఫోల్డర్ తెరిచాను. రాదని తెలిసీ, ఆవిడ మెయిలు కోసమే తెరిచాను. నాలుగో మెయిలు పామర్రు రైతుది. పండగ మాటల కింద, రెండు ఏరేటర్లు ఇప్పుడే ఆగాయని ఉంది. వెంటనే మెకానిక్కుకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నం ఆ రైతు ఫోన్ చేశారు. “చేపలు బాగున్నాయండీ. పండగపూట ఎవరు చూస్తారులే అనుకున్నాను.”

ఫోన్ పెట్టేశాక నాగరత్నం గారి ఆఖరి మెయిలు వెతికి తీశాను. దానికి జవాబుగా ‘చదివానండీ’ అని రాసి పంపాను.