గోరింటాకు చలువ అనుకున్నాం

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని ఆడది మా అత్తగారి వైపు లేదు. జువాలజీ లెక్చరర్ని, నాకెందుకివన్నీ అని పెళ్లయిన కొత్తలో అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. మా ఆయన అక్క, అంటే నాకు వదిన, టేకులపల్లి అవతల ఊళ్లో వ్యవసాయం చేసుకునేది. ఏటా ఆ నెలలో సంచినిండా ఆకు దూసుకుని కొత్తగూడెంలో మా క్వార్టరుకు వచ్చేది. రుబ్బడం నా పని, వంకలు పెట్టడం ఆమె పని. మేమిద్దరం పోట్లాడుకోకపోతే ఆకు పండదని మా ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు ఆమె కుంటుకుంటూ వచ్చింది. చేనులో కంది కొయ్య అరికాల్లో దిగి వారమైందట. దవాఖానాకు పోదామన్నాను. పసుపు పెట్టానని, నా చదువు కాలేజీలోనే పెట్టుకోమని అంది. ఎవరితోనైనా మూడు పూటలు వాదించగల దాన్ని, ఆ పూట ఎందుకో ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ఆమె చేతులకు, కాళ్లకు, చివరికి ఆ దెబ్బ చుట్టూ కూడా గోరింటాకు ముద్ద నేనే పెట్టాను. చలువ కదా, వేడి లాగేస్తుందని.

తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. చేతులు, కాళ్లు మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయి. పక్కింటామె ముట్టుకుని చూసి గోరింటాకు చలువ చేసిందంది. నేనూ అంతే అన్నాను. ఇరవై ఏళ్లుగా రక్తప్రసరణ పాఠం చెబుతున్న మనిషిని, అన్నాను. పది గంటలకు వదిన నన్ను పోల్చుకోలేక "అమ్మా" అని పిలిచింది. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. జీపు కిరాయికి మాట్లాడుకుని ఖమ్మం తీసుకుపోయాం.

ఐసీయూలో వేలికి క్లిప్పు పెట్టారు. తెర మీద ఆక్సిజన్ తొంభై ఆరు. హమ్మయ్య అనుకున్నాను. డాక్టరేమో పుండులోని విషం ఒళ్లంతా పాకిందని, ప్రాణానికే గ్యారంటీ లేదని, మెడ నరంలోకి గొట్టం వేయాలి సంతకం పెట్టమని అన్నాడు. నేను పెట్టలేదు. తొంభై ఆరున్న మనిషికి మెడ ఎందుకు పొడుస్తారని, మీ మిషను అబద్ధమా మీరు అబద్ధమా అని అందరి ముందూ అడిగాను. ఆయనకు నాతో వాదించే తీరిక లేదు. పెద్ద నర్సుకు సైగ చేసి పక్క మంచానికి పోయాడు.

ఆ నర్సు భద్రాచలం వైపు మనిషి. నన్ను చేయి పట్టుకుని వదిన మంచం దగ్గరికి తీసుకుపోయింది. గోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోట రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూడాలట. కానీ పది గోళ్లూ ఎర్రగా పండి ఉన్నాయి, ఏ రంగు ఎటు పోయిందో ఏం తెలుస్తుంది? ఆషాఢం వస్తే మాకు గోళ్లు దొరకవని విసుక్కుంటూ ఆమె దుప్పటి తొలగించి, వదిన మోకాలి చిప్ప మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. నన్ను లెక్కపెట్టమంది. నొక్కిన చోట పాలిపోయిన మచ్చ అట్లాగే నిలబడింది. ఏడు లెక్కపెట్టాక గానీ పోలేదు. తర్వాత నా ముంజేయి నొక్కింది. రెండు అనేలోపే రంగొచ్చేసింది.

"ట్యాంకు నిండ నీళ్లున్నయి మేడం, క్లిప్పు చెప్పేది గదే," అంది. "నల్లాల వస్తున్నయా లేదా అది చెప్పదు. మెడల గొట్టమేస్తే ఒళ్లంత తిరిగొచ్చిన రక్తం దొరుకుతది. అండ్ల ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తే ఒళ్లు ఎంత కరువుల ఉందో తెలుస్తది."

ఎర్ర చాక్‌పీసుతో ధమని, నీలం చాక్‌పీసుతో సిర గీసి ఏటా పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. సంతకం పెట్టాను.

మెడ రక్తం రిపోర్టులో ఆక్సిజన్ యాభై వచ్చింది. డెబ్బై దాకా తేవాలన్నాడు డాక్టరు. సెలైన్లు, బీపీ నిలబెట్టే మందు ఎక్కించారు, పుండు కోసి చీము తీశారు. రిపోర్టు కొన్ని గంటలకోసారి వచ్చేది. ఆ మధ్యలో నర్సు నన్ను లోపలికి రానిచ్చి మోకాలు నొక్కి లెక్క చెప్పమనేది. నన్ను ఊరుకోబెట్టడానికే ఆ పని ఇచ్చిందని నాకు తెలుసు. అయినా చేశాను. సాయంత్రానికి ఆరు. మర్నాడు పొద్దున ఐదు. మధ్యాహ్నం మళ్లీ ఎనిమిది వచ్చేసరికి మందు ఆపేశారా ఏమిటని నర్సు మీద పడ్డాను. ఆమె వచ్చి తనే నొక్కి చూసి, తన చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టింది.

"భయానికి జల్దీ జల్దీ లెక్కపెడ్తున్నరు మేడం. ముల్లు చూసి లెక్కపెట్టున్రి."

ముల్లు చూస్తే ఐదే.

మూడో రోజు పొద్దున్నే రిపోర్టు డెబ్బై దాటిందన్నారు. నాకు కాగితం మీద నమ్మకం కుదరక లోపలికి పోయి మోకాలు నొక్కాను. కళ్లు ముల్లు మీదే ఉన్నాయి.

"ఏందే, నా మోకాలు గట్ల గిచ్చుతున్నవ్?"

వదిన గొంతే. తలెత్తలేదు నేను. లెక్క పూర్తయ్యాక చూశాను. రెండున్నర.

కుడికాలివి రెండు వేళ్లు నల్లబడిపోతే తీసేశారు. మిగతా మనిషి మిగిలింది, నోటితో సహా. మరుసటి ఆషాఢంలో మళ్లీ సంచితో దిగింది. ముందు అరికాళ్లు చూపించమన్నాను, చూపిస్తేనే రుబ్బుతానన్నాను. ఇదేం పరీక్షని, నేనేమన్నా పశువునా అని గొడవ పడింది. ఈసారి నేను ఊరుకోలేదు. చివరికి గొణుక్కుంటూ కాళ్లు చాపింది. రెండు పాదాలూ వెలుతురులోకి తిప్పి చూసి, రోటి దగ్గరికి పోయాను. చేతి గోళ్లలో ఒకదానికి ఆకు పెట్టకుండా వదిలేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. మోకాలు ఉంది కదా, నొక్కుకోమంది.