మోకాలి మీద ఎండ

నేను రిటైర్ కావడానికి ఏడాది ముందు, నానక్‌రామ్‌గూడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ మేనేజర్‌గా ఉండగా, ఆఫీసు చిత్రకళ క్లబ్బు బాధ్యత కూడా నాకు అప్పగించారు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఆ పని చేసినవాడికి తన చేతిలోనూ తప్పు జరగవచ్చన్న అనుమానం సాధారణంగా రాదు. నాకూ రాలేదు.

నూనె రంగులతో బొమ్మలు వేయడం నేర్పడానికి బోరబండ నుంచి సుగుణ టీచర్ మంగళ, గురువారాల్లో లంచ్ వేళకు వచ్చేవారు. పూర్తయిన చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని నకలు తీయించడం ఆమె పద్ధతి. నాకు తను వేసిన బొమ్మే ఇచ్చారు. కిటికీ పక్కన కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్న వాళ్ల అత్తమ్మ. ముందు బొగ్గుతో గీతలు, తరువాత టర్పెంటైన్ కలిపిన పలచటి గోధుమరంగుతో వెలుగునీడలు, ఆపైన అసలు రంగులు. పొర పొరకూ నూనె పెంచుతూ పోవాలి. తారుమారైతే పైపొర పగులుతుంది. ఇలాంటి నియమాలంటే నాకు ప్రాణం. అరగంటకోసారి లేచి దూరం జరిగి చూడమన్న నియమం మాత్రం నచ్చలేదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ పరిస్థితులు మారకూడదని మా వృత్తిలో గట్టి నమ్మకం. అందుకే క్యాంటీన్ మూలన నా కుర్చీ కాళ్ల చుట్టూ నేలమీద టేపు అంటించి, రోజూ సరిగ్గా అక్కడే కూర్చునేవాణ్ణి.

బొమ్మ చివరికొచ్చిన వారంలో, శుక్రవారం కొత్త రిసెప్షన్ తెరిచినప్పుడు నా బొమ్మను గోడకు పెట్టిస్తానని డైరెక్టర్ మాటిచ్చారు. వచ్చి చూడమని ఆఫీసంతటికీ మెయిల్ పెట్టింది నేనే. బుధవారం అత్తమ్మ కుడి మోకాలి మీది తెల్లటి మెరుపును దట్టంగా దిద్ది, పని పూర్తయిందని ప్రకటించాను.

గురువారం టీచర్ చూసి, "సార్, మోకాలు మీద గీ తెల్లది ఏంది?" అన్నారు.

ఎండ అన్నాను.

"కిటికీ ఎడమ దిక్కున్నది. ఎండ కుడి మోకాలు మీద ఎట్ల పడతది?"

మీ బొమ్మలో ఉన్నదే వేశానని వాదించాను. రుజువు కోసం ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె బొమ్మలో మెరుపు స్పష్టంగా ఉంది. ఆమె లేచి, నన్ను రెండడుగులు పక్కకు రమ్మన్నారు. మెరుపు మోకాలి మీంచి చాటలోకి జరిగింది. ఇంకో అడుగు వేస్తే మాయమైంది. అది ఎండ కాదు, ఆమె బొమ్మకు పూసిన వార్నిష్ మీద పడిన క్యాంటీన్ ట్యూబ్‌లైట్ వెలుగు.

తప్పు చూపినప్పుడల్లా మా డెవలపర్లు 'నా సిస్టమ్‌లో బాగానే వస్తోంది' అనేవారు. ఆ సాకును నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు వాళ్లలో ఒకడైన నవీన్, ప్లేటు చేతిలో పట్టుకునే, "మా సార్ సిస్టమ్ల మంచిగనే వస్తుంది మేడమ్" అన్నాడు. క్యాంటీన్ ఘొల్లుమంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, అయినా నాకూ నవ్వాగలేదు.

"పరేషాన్ కాకుండ్రి సార్, ఇంక పచ్చిగనే ఉన్నది" అన్నారు టీచర్. తెల్లరంగును కత్తితో గీకి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, మోకాలిని నీడలోకి దించాం. శుక్రవారం బొమ్మ తడితడిగానే, ముట్టుకోవద్దన్న చీటీతో సహా గోడెక్కింది.

ఆ తరువాత ఏ తప్పునైనా నమోదు చేసేముందు డెవలపర్ సీటు దాకా నడిచి, అతని తెర మీద కూడా చూడటం అలవాటు చేసుకున్నాను. మొదటి వారంలోనే, నేను అంతకుముందు నమోదు చేసిన తప్పుల్లో మూడు నా సిస్టమ్ సెట్టింగుల వల్ల వచ్చినవని తేలింది. వాటిని డెవలపర్ల పేర్ల నుంచి తీసి నా పేరు మీదకు మార్చాను.