నర్సింగం రాసిన నూట ఎనభై ఆరు అర్జీలు

నర్సింగాన్ని తిట్టాలనుకునేవాళ్ళు ముందు నన్ను తిట్టండి, ఎందుకంటే మిషన్ నాది. నా పేరు రఘుపతి. మెదక్‌లో ఆఫీసుల రోడ్డు మీద నాదొక చిన్న జిరాక్స్ దుకాణం. దాని ముందు రేకుల నీడలో బల్ల వేసుకుని ఇరవై ఎనిమిదేళ్ళుగా అర్జీలు రాస్తున్నాడు నర్సింగం. పింఛన్ ఆగిపోయినవాళ్ళు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డవాళ్ళు, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కనివాళ్ళు చేగుంట నుంచి, శంకరంపేట నుంచి బస్సు దిగి నేరుగా అతని బల్ల దగ్గరికే వస్తారు. నా దుకాణానికి గిరాకీ వచ్చేది కూడా అతని వల్లే. అబద్ధమెందుకు, ఆ సంగతి మనసులో పెట్టుకునే చాలాసార్లు నోరు మూసుకున్నాను.

అతని దస్తూరి అచ్చు వేసినట్టుంటుంది. "అయ్యా, తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెడితే పేజీ దాటకుండా ముగుస్తుంది. ఎంత పెద్ద గోసైనా అంతే. మనిషి వచ్చి కూర్చుని, "ఏం చెప్పాలె బిడ్డా, మా ఇంటాయన పోయిన కాడికెల్లి..." అని ఎత్తుకోగానే నర్సింగం పెన్ను పైకెత్తి ఆపేవాడు.

"కత వద్దు. పేరు, ఊరు, ఏం గావాలె. మూడే చెప్పుండ్రి."

ముసలివాళ్ళు బిక్కమొహం వేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అడిగేశాను కూడా. "జర ఇంటే నీ సొమ్మేం పోతదే?" అన్నాను.

అతను పెన్ను కింద పెట్టాడు. కొత్తలో ఒక ఆడమనిషి గోడు నాలుగు పేజీలు రాసిచ్చాడట. ఏదో ఆఫీసులో గుమాస్తా దాన్ని చదవకుండానే అడ్డంగా చింపి ఆమె ముందు పడేశాడట. "ఆమె ఆ ముక్కలన్ని ఏరుకొని నా కాడికే వచ్చింది రఘుపతీ. అతికిచ్చియ్యమన్నది. ఆనాడే ఒట్టు పెట్టుకున్న. ఆఫీసోనికి అర నిమిషం కంటే ఓపిక ఉండది. గా అర నిమిషంలనే మనోళ్ల పని కావాలె."

జాలి వల్లనే ఆ పద్ధతి పట్టుకున్నాడు, పట్టుకున్నాక ఇక వదల్లేదు.

నర్సింగానికి ఒక్కతే చెల్లెలు, ఆగమ్మ. శంకరంపేట అవతల ఎర్రగుట్టపల్లెకు ఇచ్చారు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ముప్పై రెండు మేకలు. ఊరి వెనక గుట్ట మీద మేపుకునేది. గుట్ట అవతలి పక్క రాళ్ళ మధ్య ఒక బుగ్గ ఉంది. ఊళ్ళో బోర్లు ఎండినా ఆ ఊట మాత్రం ఎండదు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడి మేకలూ గొర్రెలూ బతికేది ఆ నీళ్ళ మీదే. బుగ్గకు దారి పోయిందంటే ఆగమ్మ బతుకుదెరువు పోయినట్టే.

నిరుడు ఆ గుట్ట మీదికి కార్బన్ స్కీం వచ్చింది. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలు పొగ వదులుతాయి. ఆ పొగకు బదులు ఇక్కడ చెట్లు పెంచి, ఇవి ఇంత పొగ మింగాయని కాయితం చూపిస్తే ఫ్యాక్టరీలవాళ్ళు పైసలు కడతారు. అందుకని నలభై ఏళ్ళు చెట్టు కొట్టొద్దు, మేక తొక్కొద్దు. గుట్ట చుట్టూ కందకం. స్కీం నడిపే సంస్థ మెదక్‌లో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది. ప్రజలను అడగందే ఏ పనీ మొదలుపెట్టబోమనీ, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో రాసివ్వమనీ ఊళ్ళో నోటీసు అంటించారు. దానికి పద్నాలుగు పేజీల నిబంధనల పుస్తకం. దాన్ని ఇరవై కాపీలు జిరాక్స్ తీసింది నేనే. ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు.

గడువు ఇంకా ఆరు రోజులుందనగా ఎర్రగుట్టపల్లె జనం ట్రాలీ ఆటోల్లో వచ్చి మా దుకాణం ముందు దిగారు. ముందు ఆగమ్మ కూర్చుంది.

"అన్నా, గుట్ట అవతల బుగ్గ లేదా, ఎండకాలం మా మేకలు..."

పెన్ను పైకి లేచింది. తోడబుట్టిన చెల్లెలికి కూడా!

"గవన్ని ఆఫీసుకు అక్కర్లేదు ఆగమ్మా. గుట్ట మీద తరతరాల నుంచి మేపుకుంటున్నం, ఈ స్కీం మాకొద్దు. గంతే. నేను రాస్త గదా."

"నువ్వే రాయి అన్నా. నాకేం తెలుసు" అని ఆమె నిశ్చింతగా వేలిముద్ర వేసింది.

ఇక తర్వాతివాళ్ళందరిదీ ఒకటే మాట: ఆగమ్మకు రాసిందే మాకూ రాయి. సొంత చెల్లెలికి రాసిన అర్జీ కదా, అంతకంటే గట్టిది ఉంటుందా అని వాళ్ళ నమ్మకం. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఒప్పుకునేటట్టు లేరు. అప్పుడు నా బుర్రకు తెలివి పుట్టింది. "పేరు కాడ ఖాళీ పెట్టి ఒకటి రాసియ్యి నర్సింగం. మిగతయి నేను తీస్త" అన్నాను. నూట ఎనభై ఐదు కాపీలు తీశాను. మిషన్ వేడెక్కి రెండుసార్లు ఆగింది, అయినా తీశాను.

ఒక్క కిష్టవ్వ మాత్రం ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన మనిషి. ఆమె భర్తను గుట్ట మీదే పాతిపెట్టారు, ఏడాదికోసారి పోయి అన్నం పెట్టి వస్తుంది. ఆ సమాధి సంగతి రాయమంది. నర్సింగం పెన్ను ఎత్తాడు. కిష్టవ్వ లేచి కొంగు దులుపుకుంది.

"నా ముచ్చట నువ్వే ఇనకపోతివి, ఇగ గా ఆఫీసోళ్లేం ఇంటరు బిడ్డా? నా కోడలు ఏడు సదివింది. వచ్చిన కాడికి అదే రాస్తది."

"రాయించుకో అవ్వా. చదివెటోడు దొరకాలె గదా!" అని నర్సింగం నవ్వాడు. నేనూ నవ్వాను, మా నవ్వులు కాలిపోను.

నూట ఎనభై ఆరు అర్జీలూ మూటగట్టి స్కీం ఆఫీసులో ఇచ్చి, అన్నింటి మీదా ముద్ర వేయించుకొచ్చాడు నర్సింగం. ఆ రోజు అందరికీ చాయ్ తాగించాడు. "ఇంత జనం వద్దంటే ఎట్ల తవ్వుతరే? ఒక్కటి గూడ వాపస్ రాలే చూడు" అన్నాడు. అతని జీవితంలో అంత పెద్ద పని అంతకు ముందు చేయలేదు. ముఖం వెలిగిపోయింది.

నలభై రోజులకు నిర్ణయం ఆ ఆఫీసు బోర్డు మీద అంటించారు. వచ్చిన అభ్యంతరాలు: రెండు. అంగీకరించినవి: ఒకటి. తిరస్కరించినవి: ఒకటి.

"టైపు తప్పు పడ్డది" అని నర్సింగం ముందు నమ్మకంగానే అన్నాడు. ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళాం. అక్కడ స్నేహలత అనే మేడం ఉంది, ప్రజల అభిప్రాయాలు తీసుకునే పని ఆమెది. మర్యాదస్తురాలే. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"మీ అర్జీలు యాడికీ పోలేదు సార్. అన్నీ ఫైల్ల ఉన్నయ్. కానీ అన్నింటిల ఒకటే మాట ఉన్నది. రూల్ ప్రకారం ఒకే రాత ఉన్న అర్జీలన్నీ కలిపి ఒక్క అభ్యంతరం కిందనే లెక్క."

పుస్తకం తీసి పదకొండో పేజీ చూపించింది. పేజీ అంచున నల్లటి గీత ఉంది. అది నా మిషన్ గీసే గీత, నాకు తెలియకేం.

"మరి రెండోది ఎవరిదమ్మా?" అన్నాడు నర్సింగం.

"కిష్టవ్వ గారిది. వాళ్ల కోడలు నోట్‌బుక్ కాయితం మీద రాసిచ్చింది. సమాధికి దారి ఇయ్యమన్నది. ఆమె చెప్పిన జాగకు పోయి చూసొచ్చినం. అక్కడ కందకం ఆపి బాట వదుల్తున్నం సార్."

నర్సింగం సన్నటి గొంతుతో, "గుట్ట అవతల బుగ్గ ఉన్నదమ్మా. ఎండకాలం మేకలకు గదొక్కటే దిక్కు" అన్నాడు.

ఆమె మ్యాప్ పరిచి వెతికింది. "ఇందుల లేదు సార్. నీళ్ల జాగ ఉంటే తప్పకుండ దారి వదలాలె, అది గూడ రూలే. ఒక్కరన్న రాసుంటే పోయి చూసేటోళ్లం. ఎవ్వరు రాయలే."

"ఇప్పుడే రాస్తనమ్మా. ఈడనే కూసోని రాస్త."

"గడువు అయిపోయింది సార్. మళ్ల రివ్యూ ఐదేండ్లకు."

నాకు ఆగలేదు. "ఐదేండ్లు మేకలు నీళ్లు తాగకుంట ఉంటయా మేడం? మీరు ఒక్కసారన్న గుట్ట సుట్టు నడిస్తే బుగ్గ కండ్లబడకపోవునా? నూట ఎనభై ఆరు మంది వేలిముద్రలేస్తే ఒక్కలన్న ఊరికొచ్చి, ఎందుకొద్దంటున్నరు అని అడగాలె గదా? గిదేం అడుగుడు?" అని అరిచాను. ఆమె తల దించుకుంది. పై ఆఫీసుకు అంకెలు పంపడం వరకే తన చేతిలో ఉందంది. నా కోపం అక్కడ ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు. నర్సింగం నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

జనవరిలో కందకం తవ్వారు. తవ్వేటప్పుడు బుగ్గ కాంట్రాక్టర్ కంట పడింది, దాన్నీ లోపలికి కలుపుకుని ముళ్ళకంచె వేశాడు. మార్చి చివరికి ఆగమ్మ మేకలు ఒక్కొక్కటే సంతకు పోయాయి. ఆమె ఫోన్ చేయలేదు. మేకలు అమ్మిన సంగతి కూడా ఊరివాళ్ళ నోటి నుంచే విన్నాం. నర్సింగం బల్ల దగ్గరికి రావడం తగ్గించాడు. వచ్చినా ఎవరు ఏం చెప్పినా పెన్ను ఎత్తకుండా వింటూ కూర్చునేవాడు. విని విని, ఏం రాయాలో తోచక కాయితం పక్కన పెట్టేవాడు.

ఏప్రిల్లో ఒకరోజు "చెల్లెను చూసొద్దాం పా" అన్నాడు. నా బండి మీద పోయాం. ఇంటికి తాళం ఉంది. గుట్ట మీద పనికి పోయిందన్నారు. ఎండలో కందకం పక్కనే నడిచి అవతలి వైపు వెళ్ళాం. ముళ్ళకంచె లోపల ఆరేడుగురు ఆడవాళ్ళు బిందెలతో బుగ్గ నీళ్ళు మోసి స్కీం మొక్కలకు పోస్తున్నారు. అందులో ఆగమ్మ ఉంది. కూలి పని. మేకలకు పనికిరాని దారి ఆమె నెత్తి మీది బిందెకు పనికొచ్చింది.

అన్నను చూసి కంచె దగ్గరికి వచ్చింది. ముఖం ఎండకు నల్లబడి, మనిషి సగమైంది. నర్సింగం అక్కడే రాయి మీద కూర్చుని చొక్కా జేబులోంచి కాయితాల కట్ట తీశాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"తప్పయింది చెల్లె. నీ మాట ఇననైతి. ఇప్పుడు చెప్పు. బుగ్గ సంగతి, మేకల సంగతి, అన్ని చెప్పు. ఎన్ని పేజీలైనా రాస్త. హైదరాబాద్ దాక నేనే పట్టుకపోయి ఇస్త. పేపరోళ్లకు గూడ ఇస్త."

ఆగమ్మ గబుక్కున వెనక్కి చూసింది. మేస్త్రీ దూరంగా బీడీ కాలుస్తున్నాడు. ఆమె కంచె మీదికి వంగి, గొంతు తగ్గించి, అన్నకు చేతులు జోడించింది.

"నీకు దండం పెడ్త అన్నా, ఏం రాయకు. ఇప్పుడు రాస్తే గీ పని గూడ పోతది."