ఏడుపుకి మూడు పౌండ్ల పది తగ్గింపు

వినిఫ్రెడ్ బ్లెంకిన్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. ధరలో దాపరికం ఉందంటే ఆవిడకి ముద్ద దిగదు.

ఇంగ్లండు తూర్పున హోల్డర్‌నెస్ తీరంలో, సముద్రం మీదికి వంగి చూసే మట్టి గట్టు మీద ఆవిడ కారవాన్ల మైదానం ఉండేది. కారు వెనక తగిలించుకొచ్చిన చక్రాల ఇళ్ళు నిలుపుకునే చోటన్నమాట. అక్కడ నేను పదకొండు వేసవులు పనిచేశాను. గేటు దగ్గర చీట్లు రాసేదాన్ని, స్నానాల గదులు కడిగేదాన్ని, బ్లెంకిన్ గారు చెప్పిందానికి తలాడించేదాన్ని. మూడింట్లోనూ మూడోదే కష్టమైన పని.

ఆఫీసు తలుపు పక్కన ఆరడుగుల బోర్డు. మిగతా మైదానాల్లో రాత్రికి ఇంత అని ఒక్క ముక్క రాసి, తీరా బయల్దేరేటప్పుడు కరెంటుకింత, కుక్కకింత, ముందు కట్టుకున్న గుడారానికింత అని వడ్డిస్తారు. మా బోర్డు అలాంటిది కాదు. ఎంత తీసుకుంటామో ఎడమవైపు మూడు లైన్లు. దేనికెంత తగ్గిస్తామో కుడివైపు నలభై లైన్లు. టాయిలెట్‌కి ఎనభై అడుగులు దాటితే ముప్పై పెన్నీలు తక్కువ. ఎదురుగాలైతే నలభై. పందుల కొట్టం వాసన తగిలే చోట అరవై. వేడినీళ్ళు గోరువెచ్చగా వస్తే ఇరవై.

ఎవరైనా వచ్చి, “ఇందులో కనపడని ఖర్చులేమైనా ఉన్నాయా అండీ?” అని మర్యాదకి అడిగారో, అయిపోయారే.

“కనపడనివా? రండి చూపిస్తాను” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, కారుతున్న కుళాయి, విరిగిన మెట్టు, పెచ్చులూడిన గోడ అన్నీ చూపించేది. “ఇది పది పెన్నీలు తక్కువ. ఇది ఐదు. ఈ గోడకేసి చూడకుండా ఉండగలిగితే తగ్గింపు లేదు.”

అన్నీ కలిపి లెక్కేస్తే తీరం మొత్తం మీద ఇంత చవకైన చోటు ఇంకోటి లేదు. అయినా చాలామంది బోర్డు సగం చదివి కారు వెనక్కి తిప్పేవారు. ఎందుకంటే సగానికొచ్చేసరికి ఈ లైను తగిలేది:

‘ఒకటో వరుస, రెండో వరుస: సముద్రంలో ఉన్నాయి. అద్దె లేదు.’

మా గట్టు ఉత్త మట్టి. ఏడాదికి ఆరేడడుగులు సముద్రం కొరుక్కుపోతుంది. నేను చేరకముందే ఒకటో వరుస పోయింది. నేను చూస్తుండగా రెండోది పోయింది. మిగిలిన వాటిలో మూడోదే ముందు వరుస, రాత్రికి నాలుగు పౌండ్లు. అన్నిటికన్నా వెనక ఉన్నది ఆరో వరుస, ఏడు పౌండ్లు.

“పోయిన వరుసల్ని తుడిచెయ్యొచ్చు కదండీ?” అన్నాను ఒకసారి.

“ఎందుకు తుడవాలి మావిస్? అద్దె లేదని స్పష్టంగా రాశాగా! అందులో మోసం ఏముంది?”

మోసం లేదు నిజమే. కానీ కొన్ని రోజులు మధ్యాహ్నం నాలుగింటికి సముద్రం మీంచి తెల్లగా పొగమంచు కమ్మేది. ఎండ కాస్తూ కాస్తూనే చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత తెలుపు. ఆ మంచులో ఉండగా ఆ లైను గుర్తొస్తే ఒళ్ళు జలదరించేది.

ఓసారి లీడ్స్ నుంచి టార్డాఫ్ అని ఒకాయన వచ్చాడు. బ్యాంకు మనిషి, గట్టిగా మాట్లాడే రకం. మంచు దిగిన పావుగంటకి ఆఫీసులోకి ఊడిపడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్మా, గట్టు అవతల ఎవరో ఉన్నారు!”

“గట్టు అవతల ఒకటో వరుస ఉంది” అంది బ్లెంకిన్ గారు తలెత్తకుండా.

“కెటిల్ కూత వినపడింది! ఎవరో ఆడమనిషి ‘టీ చల్లారిపోతోందీ’ అని పిలుస్తోంది!”

“ఎన్నిసార్లు పిలిచింది?”

“ఎన్ని… రెండుసార్లు.”

“రెండుసార్లకి యాభై పెన్నీలు తక్కువ. మూడోసారి కూడా పిలిస్తే పౌండు. బోర్డులో కింద ఉంది, వంగి చూడాలి.”

“మీకు భయం వెయ్యదా తల్లీ?”

“వాళ్ళెప్పుడూ ఎవరితోనూ గొడవ పెట్టుకున్నవాళ్ళు కాదు” అంది ఆవిడ, పక్కింటివాళ్ళ గురించి చెప్పినట్టు.

టార్డాఫ్ ఆ పొద్దే వెళ్ళిపోయాడు. అతను ముందే కట్టిన మర్నాటి అద్దె, దానిమీద యాభై పెన్నీలు కలిపి బ్లెంకిన్ గారు చేతిలో పెట్టి పంపింది.

నేను కూడా విన్నాను. కెటిల్ కాదు, చెంచా కప్పుకి తగిలిన చప్పుడు. చెవి పక్కనే అన్నంత దగ్గరగా. చుట్టూ తెలుపు తప్ప ఇంకేం లేదు. తుడుపుకర్ర అక్కడే వదిలేసి వచ్చేశాను. పరిగెత్తలేదు. పరిగెత్తితే గట్టు ఎటుందో తెలీదు కదా.

ఇక మూడో వరుసలో ఆర్నాల్డ్ మెడ్‌ఫర్త్ ఉండేవాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు. హల్ ఓడరేవు నుంచి వెళ్ళే చేపల ఓడల మీద ముప్పై ఏళ్ళు వంటవాడిగా చేశాడు. మార్చి నుంచి అక్టోబరు దాకా ఆయన కాపురం ఆ చిన్న కారవాన్‌లోనే. రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని బోర్డు మొత్తం చదివేవాడు, మనం పేపరు చదివినట్టు. “ధర అంటే ఇలా ఉండాలి” అని మెచ్చుకుని టీ పెట్టుకోడానికి వెళ్ళేవాడు.

బ్లెంకిన్ గారు రోజూ మడమకి బొటనవేలు ఆనించి ఆయన గుమ్మం నుంచి గట్టు అంచు దాకా అడుగులు కొలిచేది. నా పదకొండో ఏడు సముద్రం మరీ ఎగబడింది. మార్చిలో ఇరవై రెండు. ఏప్రిల్ గాలివాన తర్వాత పదమూడు. మే మొదటి వారంలో తొమ్మిది.

ఆ రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

“ఆర్నాల్డ్ గారూ, ఆరో వరుసలోకి మారండి. చివర్న యాభై ఎనిమిదో నంబరు ఖాళీగా ఉంది.”

“అది ఏడు పౌండ్లు విన్నీ. నా పింఛనుకి నాలుగే తూగుతుంది.”

“మీకు నాలుక్కే ఇస్తాను.”

ఆయన కళ్ళజోడు తీసేశాడు. “బోర్డులో ఉందా?”

“…లేదు.”

“మరి లేనిది నేనెలా తీసుకుంటాను? పక్కవాడు ఏడు పౌండ్లిస్తే నేను నాలుగిస్తానా? నువ్వేనా ఈ మాటంటోంది!”

“పోనీ మూడో వరుస మూసేస్తాను.”

“అక్టోబరు దాకా బోర్డు మీద రాసిన మాట చెరపనని నువ్వే పైన ఎర్రగా రాశావు.”

బ్లెంకిన్ గారి బోర్డు ఆవిడకే అడ్డం తిరగడం అదే మొదటిసారి.

మూడు రోజులు ఆవిడ బోర్డు ముందు కుర్చీ వేసుక్కూచుంది. నాలుగో రోజు పొద్దున్న నేను వచ్చేసరికి బోర్డు మీద సున్నం తడి ఆరలేదు. కొత్త లైను:

‘58వ నంబరు: ఏడుపు వినపడుతుంది. మూడు పౌండ్ల పది పెన్నీలు తక్కువ.’

పదకొండేళ్ళు ఆ యాభై ఎనిమిది పక్కనే బట్టలారేశాను. గట్టుకి అంత దూరంలో కాకి అరుపు తప్ప ఏమీ వినపడదు.

ఆర్నాల్డ్ వచ్చి చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఎవరు ఏడుస్తారు?”

“అడగలేదు” అంది బ్లెంకిన్ గారు కిటికీకేసి చూస్తూ.

“అంటే మూడు పౌండ్ల తొంభై. ఇప్పుడిచ్చేదానికన్నా పది పెన్నీలు తక్కువ!” ఆయన కళ్ళు మెరిశాయి. వెంటనే మళ్ళీ నీరసపడ్డాయి. “కానీ నా చెవులతో వినాలి. వినని ఏడుపుకి తగ్గింపు తీసుకోడం దొంగతనం.”

మడతకుర్చీ పట్టుకెళ్ళి ఆ మధ్యాహ్నమంతా అక్కడ కూర్చున్నాడు. సాయంత్రం వచ్చి, “ఏమీ లేదు. మంచు దిగినప్పుడు మళ్ళీ చూస్తాను” అన్నాడు.

గట్టు ఏడడుగులకొచ్చింది.

గురువారం మంచు దిగింది. యాభై ఎనిమిది వెనకున్న గ్యాస్ సిలిండర్ల దడి పక్కనుంచి వస్తున్నాను, లోపల్నుంచి ఏదో మూలుగు. మేక గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంది ఆ గొంతు. ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి చూశాను. దడి వెనక మంచులో, గిన్నెలు తుడిచే గుడ్డ నోటికడ్డం పెట్టుకుని, గొంతుక్కూచుని బ్లెంకిన్ గారు.

“ఊ… ఊహూహూ… నువ్వటే మావిస్! భయపెట్టి చంపావు! రా, కూర్చో. నాకు గొంతు పోయింది, కాసేపు నువ్వు ఏడు.”

“నేనా? నాకు ఏడవడం రాదండీ!”

“నాకు మాత్రం వచ్చా? మా ఆయన పోయినప్పుడే రాలేదు. కానీ బోర్డు మీద రాసేశాను, ఉండాలిగా!”

మనిషి ఇరవై ఏడేళ్ళుగా బోర్డు మీద ఒక్క అబద్ధం రాయలేదు. ఇప్పుడు రాసిన ఈ ఒక్కటీ ఆవిడ్ని లోపల్నుంచి తినేస్తోంది.

అప్పుడు అర్థమైంది నాకు. టాయిలెట్ దూరానికి ముప్పై పెన్నీలు ఎప్పుడు రాసింది? మోకాళ్ళ నొప్పుల ముసలావిడ గ్రిమ్‌స్బీ నుంచి వచ్చిన ఏడాది. పందుల వాసనకి అరవై? ముగ్గురు పిల్లలతో, ఉద్యోగం పోయిన మొగుడితో ఒక అమ్మాయి వచ్చి, బోర్డు చూసి వెనక్కి తిరగబోయిన పొద్దున. చెయ్యి చాపనివాళ్ళ చేతిలో డబ్బు పెట్టడానికి ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే. కుడివైపు ఒక్కో లైను వెనకా ఒక మనిషి ఉన్నారు. తేడా ఏమిటంటే, కుళాయిలూ పందులూ నిజంగా ఉన్నాయి. ఈ ఏడుపే లేదు.

కూర్చున్నాను. ఏడ్చాను. ఇద్దరం వంతులేసుకుని ఏడ్చాం.

మంచు విడిపోయేసరికి ఆర్నాల్డ్ ఆఫీసుకొచ్చాడు. “విన్నాను విన్నీ! ఒకరు కాదు, ఇద్దరు. ఒకావిడ ఫరవాలేదు. రెండో ఆవిడకి, పాపం, బాగా జలుబు చేసినట్టుంది.”

శనివారం ట్రాక్టరు కట్టి కారవాన్‌ని యాభై ఎనిమిదిలోకి లాగాం. ఆ తర్వాత పదో రోజు, మంచు దిగి ఉన్న మధ్యాహ్నం, మూడో వరుసలో ఆయన ఉన్న చోటు మొత్తం జారిపోయింది. పెద్ద చప్పుడు కూడా లేదు, ఎవరో నిట్టూర్చినట్టు. ముగ్గురం ఇవతల నిలబడి విన్నాం. కింద్నుంచి, తెలుపులోంచి, కెటిల్ కూసింది. ఆర్నాల్డ్ టోపీ తీశాడు. బ్లెంకిన్ గారు ఆయన మోచెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కథ అక్కడితో ఆగిపోతే బావుండేది. కానీ బోర్డు మీద ఏడుపు ఉంది. ఉన్నదన్నాక ఇవ్వాలి. మంచు దిగినప్పుడల్లా మాలో ఒకరు దడి వెనక్కి వెళ్ళాల్సిందే.

“ఇవాళ కాళ్ళు నొప్పిగా ఉన్నాయండీ” అంటే, “అయితే ఆయన దగ్గర పూర్తి అద్దె తీసుకోమంటావా?” అనేది.

జూన్‌లో ఒక రోజు నేను వెళ్ళేసరికి దడి వెనక గోనెపట్టా పరిచి ఉంది. పక్కన పళ్ళెంలో వెన్న రాసిన రెండు ముక్కల ఎండుద్రాక్ష రొట్టె, మూత పెట్టిన కప్పులో టీ. మంచులోంచి ఆర్నాల్డ్ గొంతు: “ఎవరో ఏమో గానీ, నేలంతా చెమ్మగా ఉంది తల్లీ. మోకాళ్ళు పట్టేస్తాయి. తిని ఏడవండి.”

ఆయనకి తెలుసో తెలీదో నేను అడగలేదు. రొట్టె మాత్రం బావుండేది. వేసవంతా తిని ఏడ్చాం. నేను మూడు కిలోలు పెరిగాను.

సెప్టెంబరు చివర్లో మంచు దట్టంగా దిగింది. నేను స్నానాల గదులు కడుగుతూ ఉండిపోయాను, వంతు ఆవిడదే కదా అని. అయిదింటికి ఆఫీసులోకి వెళ్తే ఆవిడ దుప్పట్లు మడతపెడుతోంది.

“బాగా ఏడ్చావా?” అంది.

“నేనా? ఇవాళ మీ వంతు కదండీ?”

“కాదే! మంగళవారం నేనే వెళ్ళాను.”

అంతలో తలుపు తీసుకుని ఆర్నాల్డ్ వచ్చాడు. చేతిలో ఖాళీ పళ్ళెం.

“ఏం ఏడ్చింది, ఏం ఏడ్చింది! ఈ వేసవిలో ఇంత చక్కగా ఎప్పుడూ ఏడవలేదు. నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. రెండు ముక్కలూ తినేసింది.”

పళ్ళెం బల్ల మీద పెట్టాడు. అది తడిగా ఉంది. అంచు చుట్టూ సన్నటి ఇసుక.

బ్లెంకిన్ గారు ఆ ఇసుక మీదికి వంగింది. వేలితో కొంచెం తీసి, నాలిక్కి రాసుకుని, ఉప్పుందో లేదో కూడా చూసుకుంది. అప్పుడు, మే నెల నుంచి చెవుల దాకా బిగుసుకుపోయి ఉన్న ఆవిడ భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

“హమ్మయ్య” అంది. “అయితే మనం అబద్ధం రాయలేదన్నమాట.”

తర్వాత ఆర్నాల్డ్ వైపు తిరిగి, “రేపట్నుంచి మూడు ముక్కలు కొయ్యండి. వెన్న నేనిస్తాను” అంది.