వైరుకు చుట్టిన గొంగడి అంచు

సంత బజారులో నేను ఆ మిస్త్రీ కాలరు పట్టుకున్నప్పుడు ఆయన చేతిలో ఇంకా పట్టకారు ఉంది. తగలబడుతున్న నా కారు దగ్గరకు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ఆయనే. బానెట్ ఎత్తి, పొగలో చెయ్యి పెట్టి, బ్యాటరీ వైరు కోసింది ఆ పట్టకారుతోనే. మోచేతి దాకా ఆయన చేతి వెంట్రుకలు మాడిపోయాయి. అలాంటి మనిషిని నేను పదిమందిలో కొట్టాను. కొట్టడమే కాదు, అబద్ధం కూడా ఆడాను. ఆ రెండోదాన్ని తలచుకున్నప్పుడు ఈ వయసులో కూడా నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

ఆ రోజుల్లో కోస్గిలో కిరాయికి దొరికే కారు నాదొక్కటే. జాగీర్లు పోయాక ఒక దొర అమ్ముకున్న పాత ఇంగ్లీషు కారు అది. మాది గొర్రెల మందతో బతికిన ఇల్లు. నా వాటా గొర్రెలను అమ్మి ఆ కారు కొన్నాను. మా వంశంలో మంద వెంట నడవని మొదటివాణ్ణి నేనేనని నాకు మహా గీర. గొంగడి భుజాన వేసుకున్నవాడు కారు ఎక్కడానికి వస్తే, గొంగడి విప్పి మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకొమ్మనేవాణ్ణి. నన్ను కన్న మా బాపు వేసుకునేదీ గొంగడే.

పెళ్ళి బారాతులకు పిలుపులు ఎక్కువయ్యాక ముందు భాగాన రెండు పెద్ద దీపాలు, ఒక గట్టి హారను బిగించాను. వాటిని వేయగానే చార్జింగు మీటరు ముల్లు ఎడమకు పడిపోయేది. డైనమో పుట్టించే కరెంటు కంటే దీపాలు తాగేదే ఎక్కువన్నమాట. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉండేది. తోసి స్టార్టు చేయాల్సి వచ్చేది. పెళ్ళికొడుకుల చేత కూడా తోయించాను.

సంత బజారు చివర బ్యాటరీలు చార్జి చేసే మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మిలిటరీ వేలంలో వచ్చిన పాత లారీ డైనమో ఒకటి ఎక్కడినుంచో తెచ్చి, బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపే కటౌటుతో సహా నా కారుకు అమర్చాడు. సన్నవైరు తీసేసి వేలు లావు వైరు లాగాడు. దీపాలన్నీ వేసినా ముల్లు కుడివైపే నిలబడింది. నేను ఎగిరి గంతేశాను.

ఆయన మాత్రం సంతోషపడలేదు. ఇంజనుకూ మన కాళ్ళకూ మధ్య ఉండే ఇనుప రేకులో వైరు దూరే రంధ్రాన్ని వేలితో చూపించాడు. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు బుష్ ఎప్పుడో ఎండి రాలిపోయింది.

"తమ్మీ, గీ రేకు కత్తిలెక్క ఉన్నది. బుష్ లేకుంటే వైరును కోస్తది. ఇంకోటి, బ్యాటరీ కాడ ఫూజు వెట్టాలె. రెండూ పట్నం నుంచి రావాలె. నాలుగు రోజులు కారు తీయకు."

"సన్నవైరు ఉన్నప్పుడు ఫూజు లేకుండనే నడిచింది గదనే?"

"సన్నవైరైతే తప్పు జరిగితే అదే కాలి తెగుతుండె. గీ లావుది తెగది. కారునే కాలుస్తది. డైనమో పెద్దగ చేసినం, వైరు లావు చేసినం. ఆపెటోణ్ణి వెట్టకుంటె ఎట్ల?"

ఇంత వివరంగా చెప్పాడు. పొల్లు పోకుండా నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడూ గుర్తుంది.

మర్నాడే ఒక బారాతు ఒప్పుకుని ఉన్నాను. రేకు వైరును కోయకుండా మెత్తగా, గట్టిగా ఏదైనా అడ్డం పెడితే చాలనుకున్నాను. ఇంట్లో దండెం మీద కొత్త గొంగడి వేలాడుతోంది, మగ్గం నుంచి వచ్చి వారం కూడా కాలేదు. అంచు నుంచి జానెడు వెడల్పు ముక్క కోసి, వైరుకు చుట్టి, రంధ్రంలో కుక్కేశాను. రబ్బరు కంటే బిగుతుగా కూర్చుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అవ్వ చూసింది. మా నాయనమ్మ.

"కొత్త గొంగడి కోసినవారా? నీ చేతులిరుగ! ఎవని కోసం కోసినవ్?"

"కారు కోసమే అవ్వా."

"కారుకు చలివెడ్తాందా? అరే, గంజి గొంగడిరా అది. చింతగింజల గంజి వాసనకు ఎల్కలు ఊరుకుంటయా? దండెం మీద ఎందుకు ఏస్తమనుకున్నవ్, అందానికా?"

గొర్రెల ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతి అది. గొంగడి నేసేటప్పుడు ఉన్ని దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు. అది పోయేదాకా ఎలుకలకు పండుగే. నాకు తెలియక కాదు. తెలిసిందంతా మందతోపాటు వదిలేశాననుకున్నాను. "నీకు కార్ల గురించి ఏమెర్క, ఊకో" అని ముసలామెను కసిరాను. కారు నిలిపేది జొన్నల కొట్టం పక్కన.

నాలుగు రోజులకు పట్నం నుంచి బుష్, ఫ్యూజు వచ్చాయి. మిస్త్రీ కబురు పెట్టాడు. రేపొస్తానన్నాను. మళ్ళీ కబురు పెట్టాడు. బిగించడానికి ఒక పూట పడుతుంది, ఆ పూట కిరాయి ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను. అలా రెండు నెలలు తిరిగాను.

సంత రోజు మధ్యాహ్నం నలుగురిని ఎక్కించుకుని మహబూబ్‌నగర్ బయలుదేరాను. బజారు చివర మురుగుకాలువ మోరీ మీద కారు ఎగిరి పడింది. అంతే, కాళ్ళ దగ్గర చిటపటమని మెరుపులు. మీటరు ముల్లు ఒక పక్కకు కొట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఆపైన పొగ, మంట. నలుగురూ తలుపులు తెరుచుకుని దూకారు. నేనూ దూకాను. నేను నిలబడి చూస్తూ ఉండగా మిస్త్రీ వచ్చి ఆర్పాడు.

మంట ఆరాక జనం మూగారు. నా నల్లబడ్డ కారును చూసి ఎవరో నవ్వారు. "గొర్లు అమ్ముకోని కుంపటి కొన్నడు" అన్నారు. ఆ మాట నా తలకెక్కింది. కళ్ళ ముందు మిస్త్రీ కనబడ్డాడు.

"అరేయ్, ఏం వైరేసినవ్‌రా నా కారుకు?" అని కాలరు పట్టుకున్నాను. అంతవరకు అన్నా అని పిలిచిన మనిషిని.

"ఫూజు పెట్టించుకొమ్మని చెప్పిన గద తమ్మీ. రెండుసార్లు కబురు గూడ వెట్టిన."

"ఎప్పుడు చెప్పినవ్? ఎవనికి చెప్పినవ్? ఒక్కమాట చెప్పలే నువ్వు!"

ఇదే ఆ అబద్ధం. జనంలో గొర్రెల కాపరి ఒకాయన ముక్కు ఎగబీల్చి, "ఇదేందిరో, ఉన్ని కాలిన వాసనొస్తాంది" అన్నాడు. నేను ఆయన మీద కూడా అరిచాను, అది రబ్బరు వాసన అని. కానీ మిస్త్రీ ఆ మాట పట్టుకున్నాడు.

"గా బుష్ జాగాల ఏం వెట్టినవ్?" అని అడిగాడు.

అప్పుడు కొట్టాను. జవాబు నా దగ్గర ఉంది కాబట్టే కొట్టాను. ఆయన పనిముట్ల పెట్టెను కాలితో తన్నాను. పానాలు మోరీలో పడ్డాయి. ఆయన తిరిగి కొట్టలేదు. మోరీలోకి దిగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. ఎవరూ సాయం దిగలేదు.

కారును ఎద్దులతో ఇంటికి లాగించి, రంధ్రంలో చెయ్యి పెట్టాను. సగం కాలిన గొంగడి పీలిక వచ్చింది. కాలని సగమంతా ఎలుకలు కొరికిన గాట్లే. గంజి కోసం గొంగడిని తిని, దాంతోపాటు వైరు పైనున్న బట్ట తొడుగునూ తినేశాయి. బోసి వైరు రేకుకు తగిలింది. ఆ పీలికను పొయ్యిలో పడేశాను. ఉన్ని కాలితే ఆ వాసన దాగదు. ఇల్లంతా నిండింది. అవ్వ గడపలో కూర్చుని ఉంది. కొంగుతో ముక్కు మూసుకుని నా వైపే చూసింది.

ఊళ్ళో నా మాటే నిలిచింది. కారున్నవాడి మాట కదా. "వాడు కారు కాలవెట్టినోడు" అని లారీల వాళ్ళు మిస్త్రీ దగ్గర ఆగడం మానేశారు. ఎండాకాలం రాకముందే ఆయన కొట్టు మూసి పెళ్ళాం పిల్లలతో షాద్‌నగర్ వెళ్ళిపోయాడు. ఆ రోజు అవ్వ నాకు అన్నం పెట్టలేదు.

"ఎల్క గొంగడి తిన్నది. నువ్వు మనిషి అన్నం తిన్నవ్" అంది. "ఎల్కకైతె ఆకలుండె. నీకేముండె?"

నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. పళ్ళెం విసిరేశాను. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెలంతా ఎవరి మీద అరిచినా నా కోపం తీరలేదు.

చివరికి షాద్‌నగర్ బస్సెక్కాను. మిస్త్రీ వేరేవాళ్ళ కొట్టులో, తనకంటే చిన్నవాడి కింద పనిచేస్తున్నాడు. నన్ను చూసి తల వంచి పని చేసుకుంటూనే ఉన్నాడు.

"అన్నా, తప్పు నాది. గొంగడి ముక్క వెట్టిన. ఎల్కలు కొట్టినయి. నువ్వు చెప్పినవ్, నేనే చెప్పలేదన్న."

"అన్న గిన్న అనకు" అన్నాడు. చేతిలోని పానాను బల్ల మీద కొట్టాడు. "గీడికొచ్చి నా చెవుల చెప్తె నాకేమొస్తది? నాకు ముందే ఎర్క. కొట్టింది సంతల గదా, అబద్ధం ఆడింది సంతల గదా. గాడ చెప్పు. దమ్ముంటె చెప్పు. లేకుంటె మల్ల నా కండ్ల వడకు."

ఎప్పుడు చెబుతానో కార్డు రాస్తానన్నాను. రాయడానికి మూడు సంతలు గడిచాయి. ప్రతి సంతకూ ఒక సాకు దొరికింది.

కార్డు వేశాక నాలుగో సంతలో, ఆ మోరీ పక్కనే ఒక రాయి మీద నిలబడ్డాను. ఉల్లిగడ్డల వాళ్ళు, గొర్రెల బేరగాళ్ళు తలెత్తి చూశారు. "కారు కాలింది మిస్త్రీ తప్పు కాదు" అని మొదలుపెట్టాను. మిగిలింది తల దించి నా గడ్డంలోకే గొణుక్కున్నాను.

"ఎనకున్నోళ్ళకు ఇనవడ్తలేదు" అని ఎవరో అరిచారు. "జర గట్టిగ చెప్పు!"

చూస్తే మిస్త్రీయే. జనం వెనకాల, చేతులు కట్టుకుని.

మొదటినుంచి మళ్ళీ చెప్పాను. ఆయన ఫ్యూజు పెట్టించుకొమ్మన్నాడని, రెండు కబుర్లు పంపాడని, నేను గొంగడి కుక్కానని, ఆయన చెప్పనే లేదని అబద్ధమాడానని. గొంగడి మాటకు గొర్రెల కాపర్లు పగలబడి నవ్వారు. "కురుమ ఇంట్ల పుట్టి గంజి గొంగడి సంగతి ఎర్కలేదారా నీకు?" అన్నాడొకడు. ఆ రోజు ఉన్ని వాసన పట్టిన కాపరి నవ్వలేదు, ఉమ్మి వెళ్ళిపోయాడు.

ఒక లారీ డ్రైవరు అక్కడికక్కడే మిస్త్రీ దగ్గరకు వెళ్ళి, "నా డైనమో చార్జి అయితలేదన్నా, జర చూడరాదే" అన్నాడు.

"షాద్‌నగర్ తీస్కరా" అన్నాడు మిస్త్రీ. నా వైపు చూడకుండా బస్సెక్కాడు.

ఆయన కోస్గికి మళ్ళీ కాపురం రాలేదు. నా కారుకు కొత్త వైర్లు షాద్‌నగర్‌లోనే, ఆయన చేతనే వేయించుకున్నాను. ఎంత పొద్దున వెళ్ళినా నా బండిని అందరి బండ్ల తర్వాతే ముట్టుకునేవాడు. బానెట్ ఎత్తగానే వేరే ఏదీ చూడకుండా ఆ రంధ్రంలో వేలు పెట్టి, రబ్బరు బుష్ ఉందో లేదో చుట్టూ తడిమేవాడు. తాను బిగించిందే అయినా ప్రతిసారీ తడిమేవాడు. అది ముగిసేదాకా నేను పక్కన నిలబడి ఉండేవాణ్ణి.