టైలరమ్మ గుమ్మడికి తీసిన కొలత

టైలరమ్మ చేతిలో టేపు పడిందంటే ఎంతటివాళ్ళైనా బుద్ధిగా నిలబడాల్సిందే. "పొట్ట లోపలికి లాక్కోకండి. రేపు హుక్కులు ఊడితే నన్నంటారు" అని మొహం మీదే అనేస్తుంది. మాట దురుసు గానీ, కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు. అంతటి మనిషీ ఒక పిల్లి దగ్గర వెన్నలా కరిగిపోయేది. మిషను పక్కన గుడ్డపేలికల బుట్టలో పడుకునే ఆ పిల్లికి గుమ్మడి అని పేరు పెట్టింది ఆవిడే. ఆకారం కూడా పేరుకు తగ్గట్టే ఉండేది లెండి.

ఆ గుమ్మడికి షుగరని తేలింది. పశువుల డాక్టరమ్మ రెండు పూటలా ఇంజెక్షన్ వేయమంది, తిండి కొలవడానికి చిన్న గిన్నె ఇచ్చింది. "ఒళ్ళు తగ్గాలి, కానీ మెల్లగా తగ్గాలి. రెండు వారాలకోసారి తీసుకురండి, బరువు చూస్తాను. నన్నడక్కుండా తిండి మార్చొద్దు" అంది. టైలరమ్మ తలూపింది.

ఊపింది గానీ, మళ్ళీ అటు వెళితేగా. బడి యూనిఫారాల సీజను, ఊపిరాడని పని. అయినా ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కొలిచిన మనిషికి పిల్లి నడుమొక లెక్కా? ఆదివారం పూట గుమ్మడిని కత్తిరింపుల బల్ల మీద నిలబెట్టి పొట్ట చుట్టూ టేపు వేసేది. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. గిన్నెలో కాస్త తగ్గించింది. మళ్ళీ కొలిస్తే అంతే ఉంది. ఇంకాస్త తగ్గించింది. తిండికోసం వెంటపడుతోందని దాన్ని ఒళ్ళోకి రానివ్వడం కూడా మానేసింది. ఇంజెక్షన్ మాత్రం ఎప్పటిలాగే వేస్తూ వచ్చింది.

తిండి తగ్గినా నడుము తగ్గలేదంటే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. ఇంట్లో ఇంకెవరున్నారు, బస్సు డ్రైవరైన మొగుడు తప్ప?

"చాటుగా పెడుతున్నారు కదూ?"

"నేనేం పెట్టట్లేదే."

"మీ మొహమే చెబుతోంది. ఇక ఒక్క మెతుకు కూడా పెట్టొద్దు."

ఆయన గొడవపడే మనిషి కాదు. డ్యూటీ నుంచి రాగానే గుమ్మడి కాళ్ళకు చుట్టుకుని అరిచేది. ఆయన పళ్ళెం చేత్తో పట్టుకుని, దాని వైపు చూడకుండా నిలబడే తినేవాడు.

ఒకరోజు పొద్దున ఇంజెక్షన్ వేసి, టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. కాలరు తిప్పి కుడుతుండగా బుట్టలోంచి ఏదో చప్పుడైంది. వంగి చూస్తే గుమ్మడి కాళ్ళు కొట్టుకుంటోంది. కళ్ళు తేలేసింది. ఆవిడ కేక పెట్టింది. మొగుడే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"షుగర్ పడిపోయింది. పంచదార నీళ్ళు వేలితో చిగుళ్ళకు రాయండి, గొంతులో పోయొద్దు. వెంటనే బయల్దేరండి."

ఆసుపత్రిలో గుమ్మడి కాలికి సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించారు. వణుకు ఆగాక కాటా మీద పెట్టారు. డాక్టరమ్మ కాటా చూసింది, మొదటిసారి బరువు రాసిన చీటీ చూసింది, మళ్ళీ కాటా చూసింది.

"మూడో వంతు బరువు పోయిందమ్మా. అసలేం పెడుతున్నారు దీనికి?"

"అలా ఎలా పోతుందండీ? నడుము తగ్గనే లేదు. ప్రతి ఆదివారం నేనే కొలిచాను" అంది టైలరమ్మ.

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మడి వీపు మీద పెట్టింది. బొచ్చు కింద ఎముకలు వేళ్ళకు గుచ్చుకున్నాయి.

"మీరు కొలిచింది వేలాడే చర్మాన్నీ, తిండి లేక వాచిన కాలేయాన్నీ. వీపు మీద కండ అంతా కరిగిపోయింది. తిండి కోసేసి మందు అంతే వేస్తే షుగర్ పడిపోక ఏమవుతుంది? ఇంకాస్త ఆలస్యమైతే చేతికి దక్కేది కాదు."

టైలరమ్మకు చెయ్యి అక్కడినుంచి తియ్యడం కూడా తోచలేదు. ఇన్నాళ్ళూ ఇది ఆకలికే అరిచిందా? తన పక్కనే, తన బుట్టలోనే ఇలా ఎండిపోయిందా?

గుమ్మడిని ఆ రోజుకి అక్కడే ఉంచుకుంటామన్నారు. మొగుడూ పెళ్ళాలు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"నిజం చెప్పండి. నేనేమీ అనను. ఒక్కసారైనా పెట్టారా?"

పెట్టానంటే చాలు, ఆయన కాళ్ళు పట్టుకునేలా ఉంది.

"లేదే. నువ్వు వద్దన్నావుగా" అన్నాడాయన. "రోజూ కాళ్ళ మీద పడి అడిగేది. ఒక్క మెతుకు కూడా పెట్టలేదు."

"పెట్టాల్సింది కదండీ."

ఆయన ఆవిడ వంక అలాగే చూశాడు. తర్వాత లేచి, వెళ్ళి అవతలి బెంచీ మీద కూర్చున్నాడు.