మహాదేవమ్మ గుమ్మడి గింజలు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే మొగుడంపల్లి ఆడవాళ్లంతా మహాదేవమ్మ గడప ఎక్కేవారు. గుమ్మడి గింజలకు బూడిద పట్టించి, మూటగట్టి, దూలానికి వేలాడదీసేది ఆమె. విత్తనం కావాలని వచ్చినవాళ్లకు గుప్పెడు గింజలు పెట్టేది, వాటితో పాటు నాలుగు చివాట్లు కూడా పెట్టేది. చివాట్లు ఎవరూ అడిగేవారు కాదు, అయినా ఉచితమే. వట్టి చేతులతో మాత్రం ఎవరినీ పంపింది లేదు. అదే ఆమె గర్వం.

డెబ్బై రెండు కరువుకు తీగలన్నీ ఎండిపోయాయి. ఇంట్లో మిగిలినవి పాత గింజలు మూడు మూటలు. మరుసటి ఎండాకాలం కోడలు నీలమ్మకు ఐదో నెల. మనిషి బాగా పాలిపోయింది. ఊళ్లోకి వచ్చిన దవాఖాన నర్సు శాంతమ్మ కోడలి కళ్లు చూసి మాత్రలిచ్చింది.

"రక్తం తక్కువున్నదమ్మా. గుడ్లు, మాంసం పెట్టున్రి."

"మేం లింగం కట్టుకున్నోళ్లం. గవి మా గడప తొక్కవు," అంది మహాదేవమ్మ.

నర్సు తల పైకెత్తింది. "ఆ మూటలల్ల ఏమున్నయి?"

"గుమ్మడి ఇత్తులు."

"ఇంకేం మరి! గా ఇత్తులల్ల గూడ మంచి సత్తువుంటది, రక్తానికి కావాల్సిన ఇనుముంటది. మాత్రలేసుకుంట రోజు గుప్పెడు తినమను."

ఆ సాయంత్రమే మొదటి మూట దిగింది. బూడిద కడిగి, పెనం మీద వేయించి, కోడలి చేతిలో పోసింది మహాదేవమ్మ. ఊరికి ఏం జవాబు చెప్పాలన్నది తర్వాతి సంగతి.

నెల గడిచింది. ఒకరోజు వాకిలి ఊడుస్తుంటే ఆమెకు అనుమానం వచ్చింది. తను పెట్టిన గింజలకు రాలాల్సిన పొట్టు ఇంతేనా? వెళ్లి కోడలి పెట్టె తెరిచింది. అడుగున చిన్న మూట. వేయించిన గింజలే, బూడిద పట్టించి, అచ్చం తను కట్టినట్టే కట్టి ఉన్నాయి.

నీలమ్మ తల వంచుకుంది. జహీరాబాద్‌లో కిరాణా దుకాణం వాళ్ల పిల్ల. గుమ్మడికాయను తక్కెడలో చూసిందే తప్ప తీగకు చూసి ఎరుగదు.

"ఇత్తనానికని దాస్తున్న అత్తమ్మా. ఊరోళ్లొస్తే మీరేం పెడ్తరు?"

మహాదేవమ్మకు తిట్టడానికి నోరు రాలేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"పిచ్చి బిడ్డా, ఏంచినయి మొలుస్తయా? ఇత్తనాల ఫికర్ నాకిడువు. కోహీర్‌కు పోయి పది గడపలల్ల అడుక్కొస్త. నీ అసొంటి కోడల్ని ఏ గడపకు పోయి అడగాలె?"

మూట విప్పి, బూడిద కడిగి, ఎదురుగా కూర్చుని, ఒక్కో గింజ పొట్టు తీసి తనే కోడలి నోట్లో పెట్టింది.